ఇల్లరి నుండి ఇంటిపన్ను వరకు: ఉత్తర తెలంగాణమున గృహపరివర్తనము, మదింపు, క్రయము

తెలుగున 'అరి' యను మాటకు పన్ను, కప్పము అని యర్థము. పచ్చిక బయళ్లపై వేసిన పన్ను పుల్లరి. ఇంటిపై వేసినది ఇల్లరి. పుల్లరి యను మాట 1921-22 నాటి పలనాటి సత్యాగ్రహము వలన నేటికిని జనుల నోట నిలిచియున్నది. ఇల్లరికి అట్టి భాగ్యము కలుగలేదు. అది నిఘంటువులకును, శాసనముల వివరణములకును పరిమితమైనది. మాట మరుగుపడినదే కాని వస్తువు మరుగుపడలేదు. గ్రామమున పంచాయతీకిని, పట్టణమున బల్దియాకును గృహస్థుడు ఏటేట చెల్లించు ఇంటిపన్ను ఆ ఇల్లరికి వారసురాలే.

ఈ వ్యాసమున మేము కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములను ముఖ్యముగా దృష్టియందుంచుకొని ఒక ప్రశ్నను పరిశీలింపదలచితిమి. పాత యింటిని కొని బాగుచేసికొన్నవానికి పన్ను ఎందుకు పెరుగును? ఏ మార్పునకు పెరుగును, ఏ మార్పునకు పెరుగదు? ఇది చూచుటకు కార్యాలయపు లెక్కవలె తోచును గాని, దీని వెనుక దీర్ఘమైన చరిత్ర కలదు. మా పరిశీలనమున తేలినదేమనగా: పన్ను ఎన్నడును ఇంటిని పూర్తిగా చూడలేదు. వెలుపలినుండి కనబడు ఏదో యొక గుర్తును, మన ప్రాంతమున ముఖ్యముగా పైకప్పును, చూచి ఇంటివిలువను ఊహించినది. ఆ గుర్తు ఇంట మారిన నాటికిని, దస్త్రమున మారిన నాటికిని నడుమ సంవత్సరములు గడచును. ఆ నడిమి కాలపు భారము తరచుగా కొన్నవాని నెత్తిన పడుచున్నది.

ముందుగా ఇండ్లను గూర్చి రెండు మాటలు. ఈ ప్రాంతపు పాతయిండ్లలో కలవారివి నడుమ ఆకాశము కనబడు ముంగిలి గల భవంతులు. టేకు దూలములు, టేకు స్తంభములు, డంగుసున్నపు గోడలు, పైన గూనపెంకులు వానికి లక్షణములు. ఆదిలాబాదు అడవుల టేకు ఈ నిర్మాణమునకు ప్రాణము. సామాన్యుల ఇండ్లు మట్టిగోడలతో గూనపెంకుల క్రిందనో గడ్డికప్పు క్రిందనో ఉండెడివి. మంగుళూరు పెంకులు, ఇనుపరేకులు, సిమెంటు రేకులు తరువాత వచ్చినవి. స్లాబు వానికిని పిమ్మట వచ్చినది. ఒకే గోడలపై ఒకే కుటుంబము రెండుమూడు తరములలో గడ్డి, గూన, రేకు, స్లాబు అను నాలుగు కప్పులను మార్చిన ఉదాహరణములు అరుదు కావు. కుటుంబపు స్థితిగతులను తెలుపు చరిత్ర ఆ కప్పులలోనే యున్నది. పన్ను విధించువాని కన్ను కూడ అచటనే పడినది.

వెలుపలి గుర్తును చూచి పన్ను వేయుట మన దేశమునకే పరిమితమైన పద్ధతి కాదు. ఇంగ్లండున 1696 నుండి 1851 వరకు కిటికీల సంఖ్యను బట్టి పన్ను వసూలు చేసిరి. జనులు కిటికీలను ఇటుకలతో మూసివైచిరి. అట్లు మూసిన కిటికీలు నేటికిని ఆ దేశపు పాతయిండ్లపై కానవచ్చును. ఫ్రాన్సున తలుపులపైనను కిటికీలపైనను వేసిన పన్ను 1798 నుండి 1926 వరకు సాగినది. పన్ను దేనిని కొలుచునో గృహస్థుడు దానిని తగ్గించుకొనును. గాలివెలుతురులు పోయినను సహించును. ఈ సూత్రము మన ప్రాంతమునకును వర్తించునని ముందు చూడగలము.

మన దేశమున కంపెనీ పాలనలో ఇంటిపన్నునకు ప్రజలు తెలిపిన అసమ్మతి చిరస్మరణీయము. 1810లో తెచ్చిన నిబంధన ననుసరించి కాశీలో ఇండ్లకు అద్దెవిలువపై నూటికి అయిదు, అంగళ్లకు నూటికి పది చొప్పున పన్ను నిర్ణయింపగా, పౌరులు పనులు మాని యిండ్లు విడిచి బయలున కూర్చుండిరి. 1812లో ఆ పన్ను ఉపసంహరింపబడెను. చెన్నపురి రాజధానిలో ఇండ్లు, అంగళ్లు, మగ్గములు, వృత్తులు అన్నింటిని కలిపి పట్టుకొన్న మొతర్ఫా పన్నుపై ప్రజల కెంతయో రోత యుండెను. 1852లో గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠి ప్రభృతుల చెన్నపురి స్వదేశి సంఘము ఇంగ్లండు పార్లమెంటునకు పంపిన మహజరులో ఆ పన్నును గూర్చిన మొర కూడ కలదు. 1921లో చీరాల-పేరాల ప్రజలు, పురపాలకసంఘ మేర్పడుటతో పన్నులు పలురెట్లు పెరుగగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున తమ యిండ్లను విడిచి ఊరివెలుపల రామనగరమున పాకలు వేసికొని నెలల తరబడి నివసించిరి. ఇంటిపై పన్ను అధికమైనప్పుడు ఇంటినే వదలుట! కాశీవారికిని చీరాలవారికిని తోచిన యుపాయ మొక్కటే యగుట గమనింపదగినది.

నైజాము రాజ్యమున భాగమైన మన ప్రాంతమున కథ వేరు మార్గమున నడచినది. మొదటి సాలారుజంగు 1865 ప్రాంతమున జరిపిన జిలాబందీతో ఆధునికమైన జిల్లాల వ్యవస్థకు పునాది పడెను. 1905లో ఏలగందుల జిల్లా కేంద్రము కరీంనగరమునకు మారెను; అప్పుడే ఆదిలాబాదు పూర్తిజిల్లా స్థాయిని పొందెను. నాటి పాలకుల దృష్టి ప్రధానముగా పొలముపై నుండెను, ఇంటిపై కాదు. రాబడిలో సింహభాగము భూమిశిస్తు. ఆదిలాబాదు అడవిసీమలలో గృహస్థునకు ఇంటిపన్నుకంటె ఇంటికలప ప్రశ్నయే పెద్దది. అడవులు రక్షితములుగా ప్రకటింపబడిన పిమ్మట గుడిసె వేసికొనుటకు, ఉన్నదానిని బాగుచేసికొనుటకు కావలసిన కలప అటవీశాఖ అనుమతికి లోబడెను. అడవిపై హక్కుకై 1940లో జోడెఘాట్ వద్ద కొమరం భీము ప్రాణము లర్పించెను. ఆ పోరాటమును ఇంటిపన్నుతో ముడిపెట్టుట సరికాదు గాని, ఇంటిని మరమ్మతు చేసికొనుటకు సైతము ప్రభుత్వమునకు బదులు చెప్పవలసిన స్థితి ఈ జిల్లాలలో పట్టణములకంటె ముందే అడవిలో ఏర్పడినదని మాత్రము చెప్పవచ్చును.

హైదరాబాదు రాజ్యము భారతదేశమున చేరిన పిదప స్థానికసంస్థలు విస్తరించినవి. 1952లో కరీంనగరము పురపాలకసంఘ మాయెను. 1956 నాటి హైదరాబాదు జిల్లా పురపాలకసంఘముల చట్టము తెలంగాణమునకును, 1920 నాటి మద్రాసు జిల్లా పురపాలకసంఘముల చట్టము ఆంధ్రప్రాంతమునకును వర్తించుచుండగా, ఆ రెండింటి స్థానమున 1965లో ఆంధ్రప్రదేశ్ పురపాలకసంఘముల చట్టము వచ్చెను. ఆ చట్టమే మన ప్రశ్నకు మూలాధారము.

ఆ చట్టము ప్రకారము పన్నునకు ఆధారము ఇంటి క్రయధనము కాదు. వార్షిక అద్దె విలువ. అనగా ఇల్లు అద్దె కిచ్చినచో న్యాయముగా ఎంత రావచ్చునో ఆ మొత్తము. యజమాని అందులోనే నివసించుచున్నను ఊహామాత్రమైన ఆ యద్దెనే లెక్కింతురు. ఇది ఇంగ్లండున 1601 నాటి పేదల సహాయ చట్టము నుండి పెరిగిన భావము. ఊహకు హద్దులు లేకున్న అధికారి యిష్టమే చట్టమగును. కావున కాలక్రమమున ఇల్లున్న చోటు, కట్టడపు తరగతి, అడుగు వైశాల్యము, కట్టిన కాలము, వినియోగము అను అయిదు ఆధారములు స్థిరపడినవి. వైశాల్య మొక్కటియే చాలదని సర్వోన్నత న్యాయస్థానము 1968లో కేరళ భవనముల పన్ను చట్టమును గూర్చిన తీర్పున స్పష్టపరచెను. మట్టియింటి నూరడుగులకును, మేడ నూరడుగులకును ఒకే పన్ను వేయుట సమానత్వము కాదని ఆ తీర్పు సారాంశము.

1990 నాటి మదింపు నియమములలో కట్టడముల తరగతులను చూచిన తెలుగు పాఠకునకు ఆశ్చర్యము కలుగును. విలాసవంతమైన స్లాబు, సాధారణమైన స్లాబు, మద్రాసు మిద్దె లేక రాతిపలకల కప్పు, మంగుళూరు పెంకులు లేక రేకులు, నాటుపెంకులు, గుడిసె - ఈ ఆరింటిలో ఇంచుమించు అన్నియు పైకప్పు పేర్లే. గోడ మట్టిదో ఇటుకదో, దూలము టేకుదో తాడిదో ఈ పట్టిక అడుగదు. శిల్పపుబని గల టేకు స్తంభములతో విలసిల్లు పాతభవంతి నాటుపెంకుల తరగతిలో చేరును. సన్నని గోడలపై నిన్న పోసిన స్లాబుగది దానికంటె పై తరగతిని పొందును. పట్టణమును మండలములుగా విభజించి, ఒక్కొక్క తరగతికి చదరపు మీటరుకు నెలసరి అద్దెవిలువను ప్రకటించుట ఆ నియమముల పద్ధతి.

దీని ఫలితమును ఒక లెక్కతో చూతము. సౌకర్యమునకై అంకెలను మేమే కల్పించుకొనుచున్నాము. పద్ధతి మాత్రము ఆ చట్టమునదే. నూరు చదరపు మీటర్ల గూనయిల్లు ఒకటి కలదనుకొందము. దాని వయస్సు నలువదియైదేండ్లు. గూనకు చదరపు మీటరుకు నెలకు 2 రూపాయలు, స్లాబుకు 5 రూపాయలు అనుకొందము. గూనయింటి వార్షిక అద్దె విలువ 2,400 రూపాయలు. యజమాని స్వయముగా నివసించునపుడు నూటికి నలువది తగ్గింపు గలదు కావున నికరము 1,440. అతడు ఇంటిని అమ్మెను. కొన్నవాడు ఒక్క పెంకునైన కదల్పక అద్దెకిచ్చెను. నివాసపు తగ్గింపు పోయి, వయస్సును బట్టి వచ్చు తగ్గింపు మాత్రము మిగులును. ఇరువదియైదేండ్ల వరకు నూటికి పది, నలువదేండ్ల వరకు ఇరువది, ఆపైన ముప్పది. కావున నికరము 1,680. ఇంట ఏమియు మారకుండగనే పన్ను ఆరవవంతు పెరిగినది. కొన్నవాడు గూన దించి స్లాబు వేసి తానే నివసించినచో విలువ 6,000, నికరము 3,600. పూర్వముకంటె రెండున్నర రెట్లు. దానినే కొత్తకట్టడముగా లెక్కించి అద్దె కిచ్చినచో నికరము 5,400. పన్నుశాతము మారకున్నను భారము దాదాపు నాలుగు రెట్లగును.

ఈ లెక్కనుండి గృహస్థుడు గ్రహింపదగిన విశేషము లున్నవి. సున్నము వేయుట, పగిలిన పెంకులను మార్చుట, పుచ్చిన తలుపును తీసి కొత్తది పెట్టుట, నేలపై బండలు పరచుట - ఇవి మరమ్మతులు. పైన చెప్పిన అయిదు ఆధారములలో ఏ యొక్కటియు వీనివలన మారదు. కప్పు తరగతి మారుట, గదియో అంతస్తో చేరుట, నివాసము అంగడియగుట - ఇవి పరివర్తనములు; పన్ను వీనిని వెంబడించును. ధనవంతుడు ఇంటిలోపల లక్షలు వెచ్చించి అలంకరించుకొన్నను, 'విలాసవంతము' అను ముద్ర పడిననే తప్ప పన్ను కదలదు. వానకు కురియు గూనను భరింపలేక అప్పుచేసి స్లాబు వేసికొన్న పేదవాని పన్ను మాత్రము తప్పక కదలును. నివాసగృహముల సామాన్య మదింపు 2002 తరువాత చిరకాలము సవరింపబడని హేతువున ఈ తేడా మరింత ప్రస్ఫుటమాయెను. వీధి యంతయు పాతలెక్కలో నిలువగా, కప్పు మార్చిన ఇల్లొకటే కొత్తలెక్కకు వచ్చెడిది.

వినియోగమును గూర్చి సిరిసిల్ల ఉదాహరణము విశేషమైనది. నేతగాని యింట మగ్గమున్న గది వంటగదికి పొరుగు. మరమగ్గములు వచ్చిన పిదప ఆ గది విస్తరించి రేకులషెడ్డయ్యెను. అది నివాసమా, కార్ఖానాయా? మొతర్ఫా కాలమున ఇల్లును మగ్గమును ఒకే పద్దున కట్టివైచిరి. ఆధునిక చట్టము వానిని విడదీయ యత్నించినది. జీవనము మాత్రము వానిని విడదీయలేదు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో బీడీలు చుట్టు అరుగునకును ఇదే ప్రశ్న వర్తించును. నిర్మలులో కొయ్యబొమ్మలకు రంగులు వేయు చావడికిని ఇదియే.

ఇక క్రయమునకు వత్తము. అమ్మినవాడును కొన్నవాడును పేరుమార్పునకై పురపాలకసంఘమునకు తెలుపుకొనవలెను. తెలుపువరకు దస్త్రమున పాతపేరే నిలుచును. ఇంటిపన్ను ఆ ఇంటిపైననే ప్రథమ భారమని చట్టము చెప్పుచున్నది. అనగా బకాయి మనిషిని కాక ఇంటిని అంటియుండును. అమ్మినవాడు పదేండ్ల క్రిందట వేసిన స్లాబు దస్త్రమున గూనగానే యున్నదనుకొందము. కొన్నవాడు పేరుమార్పునకు వెళ్లినప్పుడే అధికారి ఇంటిని చూచును. అప్పుడు పెరిగిన మదింపు, వెనుకటి బకాయి కలిసి కొన్నవానికి ఎదురగును. తాను చేయని మార్పునకు తాను బదులు చెప్పవలసి వచ్చును. విక్రయపత్రమునకు జతపరచు అనుబంధమున కప్పు స్వభావము, కట్టడపు వయస్సు, వైశాల్యము, వార్షిక అద్దె విలువ, పురపాలక పన్ను అను గడులు కలవు. వానిని దస్త్రముతో, ఆపైన కన్నులతో చూచిన ఇంటితో పోల్చుకొనుట కొనువాని మొదటి ధర్మము. మూడును ఏకీభవించిననాడు గాని బేరము పూర్తియైనట్లు కాదు.

దీనికి విపరీతమైన భ్రమ మరియొకటి కలదు. పన్నురసీదు తన పేర నున్నచో ఇల్లు తనదేయని సామాన్యుల నమ్మకము. తెలంగాణమున సాదాబైనామాలపై, అనగా రిజిస్ట్రీ లేని తెల్లకాగితపు ఒప్పందములపై, చేతులు మారిన యిండ్లకు తరచుగా ఆ రసీదే ఆధారమగుట చేత ఈ నమ్మకము బలపడినది. కాని పన్ను కట్టుట వేరు, స్వామ్యము వేరు. అనుమతి లేని కట్టడమునకును పన్ను వసూలగును. దాన ఆ కట్టడము సక్రమమైపోదు. ఆదిలాబాదు ఏజెన్సీగ్రామములలో ఈ భేదము మరింత ముఖ్యము. 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణమునకు విస్తరింపబడి, 1970లో కఠినతరమైనది. ఆ ప్రాంతమున గిరిజనేతరుడు స్థిరాస్తిని కొనుటకు చట్టము సమ్మతింపదు. ఎన్ని రసీదులున్నను, ఎంత గొప్ప స్లాబు వేసినను ఆ నిషేధము తొలగదు.

గృహపరివర్తనమును ప్రభుత్వము చూచు తీరు సందర్భమును బట్టి మారును. ఇది ఈ ప్రాంతపు జలాశయముల చరిత్రలో తేటపడుచున్నది. 1974లో మొదలై 1985 నాటికి సిద్ధమైన దిగువ మానేరు, తరువాతి ఎల్లంపల్లి, మధ్య మానేరు జలాశయములు పెక్కు గ్రామములను ముంచినవి. పన్ను వేళ తన యిల్లు చిన్నదని చెప్పుకొన్న గృహస్థుడు నష్టపరిహారపు వేళ అదియే యిల్లు పెద్దదని నిరూపింపవలసి వచ్చును. 1894 నాటి భూసేకరణ చట్టమున ఒక నియమ ముండెను: ప్రకటన వెలువడిన పిదప కలెక్టరు అనుమతి లేక చేసిన బాగుచేతలు పరిహారమున లెక్కకు రావు. పన్నుచట్టము మాత్రము ఏనాడు చేసిన బాగుచేతనైనను లెక్కించును. ఇంటినుండి తీసికొనునపుడు కనబడు గది, ఇంటికి ఇచ్చునపుడు కనబడదన్నమాట! దస్త్రమున గూనగా మిగిలిన స్లాబుయిల్లు ఆ వేళ యజమానికే శత్రువగును. తక్కువ పన్ను కట్టిన తరము పొదుపుచేసినది. మునిగిన తరము దానిని పోగొట్టుకొన్నది.

2016లో ఉమ్మడి జిల్లాలు విడివడినవి. కరీంనగరము నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలును, ఆదిలాబాదు నుండి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీము ఆసిఫాబాదు జిల్లాలును ఏర్పడెను. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము గృహస్థుని స్వయంప్రకటనకు ప్రాధాన్యమిచ్చినది. డెబ్బదియైదు చదరపు గజములలోపు స్థలమున కట్టిన చిన్నయింటికి, పై అంతస్తు ఒకటి యున్నను, ఏటికి నూరు రూపాయల పన్నును నిర్ణయించినది. తప్పుడు ప్రకటనకు ఇరువదియైదు రెట్ల జరిమానాను విధించినది. పూర్వము అధికారి వీధిలో నిలిచి కప్పును చూచెను. ఇప్పుడు గృహస్థుడే తన కప్పును తాను చెప్పవలెను. పేదయింటికి నిశ్చితమైన స్వల్పపన్నును ఏర్పరచుట, మేము పైన చూపిన అన్యాయమునకు ఒక చిన్న పరిహారము. ఇదే కాలమున పొరుగున ఆంధ్రప్రదేశము 2020 నాటి సవరణతో అద్దెవిలువను విడిచి మూలధనవిలువను ఆధారముగా గ్రహించినది. ఇల్లు ఎంత తెచ్చును అను ప్రశ్నకు బదులు, ఇల్లు ఎంత చేయును అను ప్రశ్న అచట నిలిచినది.

చివరగా మాబోటి చరిత్రపాఠకులకు సంబంధించిన మాట ఒకటి. ఇంటిపన్ను దస్త్రములను పాలకులు వసూలుకై వ్రాసిరి. కాని వానియందు ఊరిచరిత్ర తెలియకయే నిక్షిప్తమైనది. ఇంటినంబరు ప్రక్కన చేరిన గీత, దానిపై అక్షరము, అన్నదమ్ములు పంచుకొన్న దినమును చెప్పును. 'గూన' అని యున్నచోట కొట్టివేసి 'స్లాబు' అని వ్రాసిన సిరా ఆ యింటికి ఎప్పుడు కాస్త వెసులుబాటు కలిగెనో చెప్పును. 'నివాసము' తీసి 'అంగడి' యన్నచోట వీధి బజారుగా మారిన కాలము తెలియును. శాసనములలో ఇల్లరిని వెదకు మనము, మన కాలపు ఇల్లరి దస్త్రములను కాలము చెల్లిన కాగితములుగా పోనిచ్చుట తగదు. లెక్కలు యంత్రములలోనికి ఎక్కినపుడు నేటి స్థితియే మిగులును, కొట్టివేతలు మిగులవు. ఆ కొట్టివేతలే చరిత్ర.

ఇల్లు కొనువాడు ఆ పాతపుటను ఒక్కమారు తిరుగవేయించి చూచుకొన్నచో బకాయి తెలియును. పరిశోధకుడు అదే పుటను చూచినచో తరము తెలియును. ఇరువురకును ప్రయోజనకరమైన ఆ పుటలను కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతపు పురపాలకసంఘములును, పంచాయతీలును భద్రపరచవలెనని మా మనవి.